కొత్త పడుగుకు పాత పోగు

అనగనగా ఒక ఏరు. ఏరన్నాక రెండు ఒడ్లుంటాయి కదా. ఇవతలి ఒడ్డున పగడాలపేట అనే ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఏటి వైపు వీధంతా మగ్గాలే. తెల్లారి లేస్తే నాడెల చప్పుడు, పొద్దెక్కితే గంజి వాసన. ఆ వీధిలో పుట్టిన పిల్లలు అమ్మ జోలపాట కన్నా ముందు మగ్గం చప్పుడుకే నిద్రపోవడం నేర్చుకునేవారు.

ఆ వీధికి పెద్ద భావనారాయణ. నూలు తెప్పించి వీధిలో ఇళ్ళన్నిటికీ పంచేది ఆయనే, నేసిన బట్టలు ఊరూరా అమ్మించేదీ ఆయనే. ఆయన ఇంట్లో తాతల నాటి మగ్గం ఒకటి ఉంది. దానికి బిగించిన అచ్చు ఆ ఒడ్డు మొత్తానికి సన్నని అచ్చు. అచ్చంటే మరేం లేదు, దువ్వెన పళ్ళలాంటి సన్నని పుల్లల వరస. పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, ఒక్కొక్కటీ ఆ పళ్ళ సందుల్లోంచి దూరి రావాలి. పేక దారం అడ్డంగా నాడెతో పరుగెడుతుంది.

నేత పూర్తయ్యాక బట్ట కోస్తారు. కానీ అచ్చు దాకా కొయ్యరు. జానెడు పోగులు అచ్చులోనే వదిలేస్తారు. మళ్ళీ కొత్త పడుగు వచ్చినప్పుడు, ఆ పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే పేని అతుకుతారు. అతికి లాగితే, పెద్దల చెయ్యి పట్టుకుని పిల్లలు తిరనాళ్ళకు వచ్చినట్టు, కొత్త పోగులన్నీ పాత పోగుల వెంట అచ్చులోంచి నడిచి వస్తాయి. తాత అతికిన పోగుకు తండ్రి, తండ్రి అతికిన పోగుకు కొడుకు. అలా ఆ మగ్గం మీద పోగు ఏనాడూ తెగలేదు.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. మొదటి పోగు అతికేటప్పుడు, తమకు మేలు చేసిన ఒకరి పేరు పైకి చెప్పుకోవాలి. "ఫలానావారి చలవ" అని నోరారా అని, అప్పుడు ముడి బిగించాలి. మనసులో అనుకుంటే చాలదు. మనసులో అనుకునే దండాలు సగం మందికి అందవని భావనారాయణ అనేవాడు.

భావనారాయణకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పానకాలు. మాట కరుకు, పని నిప్పు. చిన్నవాడు సాంబమూర్తి. చేతికి ఏది దొరికినా విప్పి చూసి మళ్ళీ బిగించే రకం. పానకాలుకు పెళ్ళయి భద్రావతి కాపురానికి వచ్చింది. ఆ వారమే కొత్త పడుగు వచ్చింది. మొదటి పోగు కొత్తకోడలి చేత అతికించారు.

"ఎవరి పేరు చెబుతావమ్మా?" అన్నాడు మామగారు.

భద్రావతి పోగు కొస అందుకుంది. "పేరమ్మగారి గాడిద చలవ, మావయ్యగారూ" అంది.

వీధి వీధంతా పకపకా నవ్వింది. సంగతేమిటంటే, ఆమె వచ్చే రోజున ఏటి రేవులో బండి దిగబడిపోయింది. ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. బట్టలు ఉతికే పేరమ్మ తన గాడిద మీద పెట్టె ఎక్కించి పంపకపోతే ఆ పిల్ల కట్టుబట్టలతో అత్తారింట్లో అడుగుపెట్టేది. ఇది విని భావనారాయణ నవ్వలేదు. "గాడిద చలవ కూడా ఒప్పుకున్న పిల్ల మా ఇంటికొచ్చింది. ఇక మా మగ్గానికి దిగుల్లేదు" అన్నాడు. (ఈ కథలో గాడిద మాట్లాడదు, పిల్లలూ. ఆశ పెట్టుకోకండి. కానీ దాన్ని మరిచిపోవద్దు.)

అలా ఉండగా ఏటి అవతలి ఒడ్డున ఒక పొడుగాటి గొట్టం లేచింది. రేవుపట్నం నుంచి రత్నాకరం శెట్టి అనే వర్తకుడు వచ్చి, రాజుగారి అనుమతితో ఆవిరి మర కట్టించాడు. బొగ్గు మండితే నీళ్ళు కాగుతాయి, నీళ్ళు కాగితే ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి చక్రాలు తిప్పుతుంది. చక్రాలు తిరిగితే మర నూలు వడుకుతుంది, బట్టా నేస్తుంది. చెయ్యి పెట్టేవాడు లేడు, కాలు తొక్కేవాడు లేడు. కుండ మీద మూత ఎగరేసే ఆవిరికి ఇంత బలం ఉందని ఎవరికి తెలుసు?

మర మొదలుపెట్టే రోజున వీధివాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నారు. భావనారాయణ ఒక్కడే రొంటిన ఏదో దోపుకుని పడవెక్కి అవతలికి వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"ఏం చూసొచ్చారు మావయ్యగారూ?" అని భద్రావతి కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"నేత చూసొచ్చానమ్మా. ఎవరు నేసినా నేతే కదా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

మర్నాడు మగ్గం తుడుస్తుంటే, అచ్చులో వదిలిన పాత పోగులు ఒక చివర చిటికెడు తగ్గినట్టు ఆమెకు కనిపించాయి. ఎలకలు కొరికాయి కాబోలనుకుని, ఎలకలను నాలుగు తిట్టి, ఆ సంగతి మరిచిపోయింది. ఆ వానాకాలమే భావనారాయణ కన్నుమూశాడు. ఇంటి పెద్దరికం, వీధి పెద్దరికం పానకాలు భుజాన పడ్డాయి.

మరబట్ట ఏరు దాటి వచ్చింది. చవక, తెలుపు, సంతలో గుట్టలు గుట్టలు. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే చప్పుడు మానుకున్నాయి. కొందరు మగ్గం విప్పి అటకెక్కించారు. కొందరు పొలం పనులకు పోయారు. ఒకరోజు సాంబమూర్తి తలొంచుకుని అన్నగారి ముందు నిలబడ్డాడు.

"అన్నయ్యా, నేను మరలో పనికి కుదిరాను. ఇక్కడ ఊరికే కూర్చోలేను. ఆ మర ఎలా తిరుగుతుందో చూస్తే కానీ నాకు నిద్ర పట్టదు."

పానకాలు లేచి తాతల మగ్గం దగ్గరికి వెళ్ళాడు. అచ్చులో ఉన్న పాత పోగులు సాంబమూర్తి చివరిసారి నేసి వదిలినవి. కత్తి తీసుకుని ఆ పోగులు అచ్చు దాకా తెగ్గోసి, మిగిలిన ముక్కలు కూడా లాగేశాడు.

"వాడు అతికిన పోగు ఈ ఇంట్లో ఉండదు. వాడూ ఈ గడప తొక్కకూడదు" అన్నాడు.

సాంబమూర్తి వెళ్ళిపోయాడు. పానకాలు కత్తి పట్టుకుని ఖాళీ అచ్చు వంక చూస్తూ ఉండిపోయాడు. ఏ ఊళ్ళోనైనా ఏ పనివాడైనా కోపమొస్తే కుండ పగలగొడతాడు, తలుపు బాదుతాడు. నేతగాడు కోపమొచ్చి తన పోగు తనే కోసుకుంటే అది తిరిగిరాదు. ఆ సంగతి పానకాలుకు కోసిన మరుక్షణమే తెలిసింది. కానీ తెలిసినట్టు ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు. భద్రావతి కింద పడ్డ పోగులన్నీ ఏరుతుంటే "ఏటిలో పారెయ్" అన్నాడు. ఆమె పారెయ్యక తప్పలేదు. ఆ రోజు ఆమె ఏటి ఒడ్డున చాలాసేపు కూర్చుని ఏడ్చింది.

మర పెరిగింది. బొగ్గు రాశి పొయ్యడానికి శెట్టికి చోటు చాలలేదు. పడవల రేవుకు దగ్గరగా ఇవతలి ఒడ్డున ఉన్నది నేతవీధి ఒక్కటే. "సగం మగ్గాలు మూతపడ్డాయి మహారాజా. ఆ వీధి నాకిప్పించండి. అందరికీ వేరే చోట ఇళ్ళు కట్టిస్తాను" అని రాజుగారికి విన్నవించుకున్నాడు. రాజుగారు పానకాలును పిలిపించారు. ఆ యేడు రాకుమారికి పెళ్ళి. పెళ్ళిపీటల మీద కట్టే తెల్లని నూలు బట్టలు, మధుపర్కాలు, తరతరాలుగా ఈ వీధి నుంచే వెళ్ళేవి.

"ఇద్దరూ చెరొక జత మధుపర్కాలు తెండి. ఎవరి నేత నా బిడ్డ పెళ్ళికి తగినదో చూసి, వీధి సంగతి అప్పుడు తేలుస్తాను" అన్నారు రాజుగారు.

అంతటితో నమస్కారం పెట్టి వచ్చేస్తే బాగుండేది. పానకాలు నోరు ఊరుకోదు కదా. "మహారాజా, మా బట్టలో మరనూలు ఒక్క పోగు కనబడినా మేమే వీధి ఖాళీ చేసి పోతాం" అని నిండు సభలో అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. శెట్టి చిరునవ్వు నవ్వాడు.

పానకాలు చేతినూలు కోసం బయల్దేరాడు. మొదటి ఊరికి వెళితే రాట్నాల మీద కోళ్ళు పొదుగుతున్నాయి. రెండో ఊరికి వెళితే కదుళ్ళు విరిగి పొయ్యిలోకి పోయాయి. మూడో ఊళ్ళో వెంకాయమ్మ అనే ముసలమ్మ ఒక్కతే ఇంకా వడుకుతోంది. "మీ నాన్న నా పేరు ఒకసారి మొదటి పోగుకు చెప్పాడట నాయనా. ఎవరో వచ్చి చెప్పారు. ఆ మాట విన్నాక రాట్నం కట్టిపెట్టబుద్ధి కాలేదు" అని దాచుకున్న నూలు చిలపలన్నీ తెచ్చి ఒళ్ళో పోసింది.

నూలు సన్నగా, మెత్తగా ఉంది. కానీ పేకకే సరిపోతుంది. పడుగుకు నూలు లేదు. పానకాలు ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. పెళ్ళి దగ్గర పడుతోంది. నూలు దొరికినా చిక్కు తీరదు. ఖాళీ అచ్చులో పోగులన్నీ మొదటి నుంచి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు వెనక నుంచి పోగు అందించాలి, ఒకరు ముందు నుంచి పుల్లతో లాగాలి. ఆ అచ్చు సన్నదనానికి చెయ్యి అలవాటైనవాళ్ళు ఇద్దరే. ఒకడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. రెండోవాడు ఏటి అవతల ఉన్నాడు.

"బట్టే లేకపోతే వీధి ఎలాగూ పోతుంది. నూలుకీ, మరిదికీ నేను మర దగ్గరికి వెళ్ళొస్తాను" అంది భద్రావతి.

పానకాలు వద్దనలేదు, వెళ్ళమనలేదు. ఆయన భాషలో అది వెళ్ళమనడమే.

భద్రావతి పడవ దిగి మర వాకిట్లో నిలబడింది. ఎన్నాళ్ళుగానో తిట్టుకుంటున్న మర అది. లోపలికి చూసేసరికి తిట్టబుద్ధి కాలేదు. చక్రాలు తిరుగుతున్నాయి, కదుళ్ళు వరసలు వరసలుగా పాడుతున్నాయి, దూది తెల్లగా పొంగి సన్నని దారమై పోతోంది. నేల ఊగుతోంది. తన మామగారు ఇక్కడ నిలబడి ఏమనుకుని ఉంటాడో ఆమెకు కొంచెం అర్థమైంది.

రత్నాకరం శెట్టి ఎదురొచ్చాడు. "ఏం తల్లీ, ఇలా వచ్చావు?"

"నూలు కావాలి శెట్టిగారూ. పడుగుకు. మీ బట్టతో పోటీకి వచ్చే బట్టకే."

ఇంత నిజం ఒకేసారి వినడం శెట్టికి అలవాటు లేదు. ఒక్క క్షణం తెల్లబోయి, నవ్వాడు. "ఇస్తాను. కానీ నూలు ఎక్కడిదని రాజుగారు అడిగితే నా పేరు చెప్పాలి."

"అడగకపోయినా చెబుతాను."

శెట్టి నవ్వు ఇంకాస్త పెద్దదైంది. పానకాలు సభలో అన్న మాట ఆయన మరిచిపోలేదు. నూలిస్తే తన చేత్తోనే వాళ్ళ మెడకు ఉచ్చు వేసినట్టు. లెక్క బాగుందనుకున్నాడు.

"ఇంకొకటి శెట్టిగారూ. మా మగ్గం అచ్చు ఖాళీ అయిపోయింది. పాత పోగు లేకుండా కొత్త పడుగు ఎక్కించడం మా ఇంట్లో లేదు. మీ మరమగ్గం మీది పాత పోగులు, ఒక్క చిటికెడు ఇప్పించండి."

ఈసారి శెట్టి నవ్వలేదు. ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగి, మొదటి మగ్గం దగ్గరికి స్వయంగా నడిచి వెళ్ళి, చివర నుంచి చిటికెడు పోగులు తెంపి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

సాంబమూర్తి వదినగారిని చూసి పరుగున వచ్చాడు. విషయమంతా విన్నాడు. "వస్తాను వదినా. కానీ గడప తొక్కొద్దన్నాడుగా అన్నయ్య?"

"దొడ్డిదారిన గడప లేదులే, రా" అంది భద్రావతి.

దొడ్డిదారిన వచ్చిన తమ్ముణ్ణి పానకాలు చూశాడు. చూసి, మగ్గం ముందు తన చోట కూర్చున్నాడు. వెనకాల ఉన్న చోటు ఖాళీగా ఉంచాడు. సాంబమూర్తి ఆ చోట కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరూ కూర్చునే చోట్లవే.

"మొదటి పోగు" అని భద్రావతి మర నుంచి తెచ్చిన పాత పోగును అచ్చులోకి ఎక్కించి, కొత్త పడుగు కొసను దానికి పేనింది. ముడి బిగించే ముందు ఆగింది.  ఆవిడ ఏమంటుందో పానకాలుకు తెలిసిపోయింది.

"ఏటి అవతలి ఆవిరి మర చలవ" అంది భద్రావతి.

"దాని పేరే దొరికిందా నీకు?" అన్నాడు పానకాలు. "మన నోటికాడ కూడు తీసింది అది."

"తీసింది. ఈవేళ పడుగూ ఇచ్చింది. తీసినదాన్ని తిట్టుకుందాం, ఇచ్చినదానికి దండం పెట్టుకుందాం. రెండూ కలిపేసి ఒకటి ఎగ్గొడితే ఎలాగండీ?"

 ముడి బిగిసింది. సాంబమూర్తి పోగు అందించాడు, పానకాలు లాగాడు. అందించడం, లాగడం. అందించడం, లాగడం. మొదట వేళ్ళు మాట్లాడుకున్నాయి. తర్వాత పొడి దగ్గులు. ఆ తర్వాత ఎప్పుడో పానకాలు "అన్నం తిన్నావురా?" అన్నాడు. వంటింట్లో భద్రావతి కళ్ళొత్తుకుంది.

నేత పూర్తయింది. మధుపర్కాలు గంజి దిగి ఎండలో ఆరితే, సన్నని ఎర్రంచు తెల్లటి బట్ట మీద పారాణి గీసినట్టుంది. సాంబమూర్తి పోగు పోగూ పట్టి చూశాడు. "ఇందులో మరనూలు ఉందని దేవుడొచ్చినా చెప్పలేడు" అన్నాడు.

పానకాలు మెల్లగా భార్య వంక తిరిగాడు. "విన్నావా? ఎవరూ చెప్పలేరట. మనం నోరు మెదపకపోతే వీధి మిగులుతుంది. ఇన్ని ఇళ్ళు మిగులుతాయి. అబద్ధం ఆడమని నేననడం లేదు. ఊరుకోమంటున్నాను."

 వీధి భద్రావతికి మాత్రం పరాయిదా? పేరమ్మ ఇల్లు, గంజి కాచే రేవు, మామగారు కూర్చునే అరుగు, అన్నీ బొగ్గు కిందికి పోతాయి. ఆమె బట్టను ఒళ్ళోకి తీసుకుని మడత పెట్టింది.

"ఇది పెళ్ళిబట్టండీ" అంది. "ఆ పిల్ల ఇది కట్టుకుని కొత్త కాపురం మొదలుపెడుతుంది. దీంట్లో అబద్ధం నేసి పంపితే నా చేతులు కడుక్కున్నా పోదు. వీధి పోతే ఇంకోచోట మగ్గం వేసుకుందాం. చలవ ఎగ్గొట్టాక ఏ వీధిలో ఉన్నా ఒకటే."

పానకాలు తల దించుకున్నాడు. "నోరు జారింది నేను. పదండి, నేనూ వస్తాను" అన్నాడు.

సభ తీరింది. రెండు జతలూ వెండి పళ్ళేలలో పెట్టారు. రాజుగారు మూడు పరీక్షలు పెట్టారు.

మొదట రెండు బట్టలనూ వెలుగుకెదురుగా పట్టించారు. మరబట్టలో పోగు పక్క పోగు గీత గీసినట్టుంది. ఎక్కడా వంక లేదు. చేతిబట్టలో అక్కడక్కడా ముసలమ్మ చెయ్యి వణికిన జాడ కనిపించింది. శెట్టి బట్టే మిన్న అన్నారు.

రెండోసారి రాకుమారిని పెంచిన దాది కళ్ళకు గుడ్డ కట్టి, రెంటినీ బుగ్గకు ఆనించమన్నారు. ఆవిడ రెండోది ఆనించుకుని "ఇది మా అమ్మ పాతచీరలా ఉంది. తియ్యకండి" అంది. చేతిబట్టే మిన్న అన్నారు.

ఇక మూడోది. "పెళ్ళిబట్టకు చెయ్యి సాయం చేసినవారందరికీ తాంబూలం ఇవ్వడం మా వంశాచారం" అన్నారు రాజుగారు. "చెప్పండి, ఈ బట్టలు ఎవరెవరి చలవ?"

శెట్టి లేచాడు. "నా ఒక్కడిదే మహారాజా. ఆవిరి తాంబూలం వేసుకోదు కదా."

సభ నవ్వింది. భద్రావతి లేచింది.  

"పేక నూలు వెంకాయమ్మగారి చలవ మహారాజా. అచ్చు ఎక్కించింది మా ఆయన, మా మరిది. గంజి నీళ్ళు ఏటి చలవ. అసలు నేనీ ఇంటికి చేరింది పేరమ్మగారి గాడిద చలవ." సభ మళ్ళీ నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా ఆగింది. "పడుగంతా మరనూలు. ప్రతి పోగూ శెట్టిగారి చలవ. మొదటి తాంబూలం వారికే ఇప్పించండి. తర్వాత మా ఆయన ఇచ్చిన మాట ప్రకారం మేం వీధి ఖాళీ చేస్తాం."

 పానకాలు భార్య పక్కన వచ్చి నిలబడ్డాడు. రాజుగారు తాంబూలం పళ్ళెం శెట్టి ముందు పెట్టించారు.

రత్నాకరం శెట్టి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయనను పొగిడినవాళ్ళున్నారు, భయపడినవాళ్ళున్నారు. ఓడిపోతూ కూడా చలవ చెప్పుకున్నవాళ్ళు లేరు. కాదు, ఒకడున్నాడు. ఆయన పళ్ళెం వెనక్కి జరిపాడు.

"ఇది నాకు రాదు మహారాజా. నేను సభలో సగం నిజమే చెప్పాను" అన్నాడు. "మర మొదలుపెట్టిన రోజున ఈ వీధి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తగువుకొచ్చాడనుకున్నాను. ఆయన రొంటినుంచి చిటికెడు పాత పోగులు తీశాడు. 'పాత పోగు లేకుండా కొత్త నేత మొదలెట్టకూడదు బాబూ' అని, నా మొదటి మగ్గం మీద మొదటి పోగు తన పోగుకు అతికాడు. 'ఈ మర చలవ మా పిల్లలు ఒకరోజు తలుచుకోవలసి వస్తుంది. అందుకని నేను ముందే తలుచుకుంటున్నాను' అన్నాడు. నేను నవ్వుకున్నాను. కానీ ఎందుకో ఆ కొస తెంచడానికి చెయ్యి రాలేదు. అప్పటి నుంచీ ఆ మగ్గానికి ఎన్ని పడుగులు వచ్చినా దానికే అతుకుతూ వచ్చాం. ఆ పెద్దాయన పేరు భావనారాయణ. మొన్న ఈవిడ అడిగితే ఆ మగ్గం మీది పోగులే తెంపి ఇచ్చాను."

పానకాలు సభలోనే కూర్చుండిపోయాడు. తన చేత్తో తాను కోసేసుకున్న పోగు ఏటి అవతల బతికే ఉంది. తాను పగవాడనుకున్నవాడి మగ్గం మీద, తన తండ్రి అతికిన ముడి వెంట, ఇన్నాళ్ళూ నడుస్తూనే ఉంది. మళ్ళీ తిరిగి ఇంటికి వచ్చింది. వంటి మీద ఉత్తరీయం నోట్లో కుక్కుకుని ఆ మొండిమనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు. సాంబమూర్తి వచ్చి అన్న భుజం పట్టుకున్నాడు.

భద్రావతికి మాత్రం ఆ కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది. అన్యాయంగా ఎలకలను తిట్టాను కదా అనుకుంది.

"నాకు పోగు ఇచ్చిన వీధి మీద బొగ్గు పొయ్యలేను మహారాజా. పై రేవులో పోసుకుంటాను, నా తిప్పలు నేను పడతాను" అన్నాడు శెట్టి.

రాజుగారి కళ్ళూ చెమర్చాయి. "పెళ్ళంటేనే అతుకు" అన్నారు. "పెళ్ళికూతురు మగ్గం మీది జత కట్టుకుంటుంది. పెళ్ళికొడుకు మర మీది జత కట్టుకుంటాడు. కొంగులు ముడివెయ్యండి. వీధి ఎక్కడికీ పోదు."

తాంబూలాలు పంచారు. వెంకాయమ్మకు ఊరికి పంపారు. పేరమ్మ గాడిదకు తమలపాకులు, ఒక అరటిగెల వచ్చాయి. ఆకులు పేరమ్మ వేసుకుంది, గెల గాడిద తింది.

ఆ తర్వాత వీధిలో అన్ని మగ్గాలూ లేచాయని చెబితే అది అబద్ధమవుతుంది. కొందరు మరలోనే ఉండిపోయారు, కొందరు పొలాల్లోనే ఉండిపోయారు. లేచిన మగ్గాలు మాత్రం మరనూలుతో, మరకు చేతకాని అంచులు, పువ్వులు నేసి బతికాయి. సాంబమూర్తి పగలు మరలో, సాయంత్రం అన్న వెనకాల తన చోట్లో. మరలో కూడా కొత్త పడుగు ఎక్కినప్పుడల్లా ఆవిరి హోరులో ఎవరో ఒకరు గట్టిగా ఒక పేరు చెప్పేవారు. హోరులో వినబడాలి కదా, అందుకని అరిచి చెప్పేవారు. ఏటి ఇవతలికి కూడా వినిపించేది.

పానకాలు ఇంట్లో తర్వాతి పడుగు వచ్చింది. మొదటి పోగు ఈసారి ఆయనే పట్టుకున్నాడు. "ఎవరి పేరు చెబుతారు?" అంది భద్రావతి. ఆయన కరుకు మాట కాస్త మెత్తబరుచుకుని, "నువ్వు ఈ ఇంటికి చేరడానికి సాయపడిన ఆ గాడిద చలవ" అన్నాడు.

పిల్లలూ, ఇదీ పగడాలపేట పోగు కథ. ఇతరులు చేసిన మేలును నోరారా చెప్పుకునేవాడికి పగవాడి చేతిలో కూడా తన పోగు దొరుకుతుంది. అందుకే కొత్త నేత ఎంత గొప్పదైనా సరే, పాత పోగును తెగ్గోసుకోవద్దు.